అమ్మోరి ముందు రెండు పొట్లాలు

క్యూర్‌పైప్ పట్నం డాక్టరు చెప్పిన మాటకు మోకా ఊళ్ళోని ఆ ఇంట్లో మూడు రోజులుగా ఎవరికీ అన్నం సయించలేదు. అయినా రెండు పూటలా వండింది మాత్రం అచ్చమ్మే! ఆమె ఛాతీకి తీగలు తగిలించి, రెండు మెట్లు పదే పదే ఎక్కించి దించి, పరీక్ష బాగోలేదన్నాడాయన. సముద్రం దాటి బొంబాయి వెళ్ళాలట... చేతి నరంలోంచి సన్నని గొట్టం పంపి గుండె లోపల చూడాలట. చూస్తేగాని ఏ వైద్యం చెయ్యాలో తెలియదు, చూసేటప్పుడు వందలో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది. అదంతా చెప్పి ఒప్పుదల కాగితం ఆమె భర్త నరసింహులు చేతిలో పెట్టాడు. గుండె ఆమెది, ఆమెను మాత్రం ఒక్కరూ అడగలేదు.

"డోక్తేర్ కన్నా అమ్మోరు పెద్దది. పొట్లాలు వెయ్యి నాయనా" అంది అత్త రంగమ్మ.

తెల్ల నందివర్ధనం వస్తే వెళ్ళాలి, ఎర్ర మందారం వస్తే మానాలి. ఊరి భజనలన్నీ నడిపించే నరసింహులే రెండు పూలూ కాగితాల్లో చుట్టి అమ్మోరి ముందు పెట్టాడు. అచ్చమ్మ ఒకటి తీసింది. మందారం.

"వద్దంది తల్లి" అని రంగమ్మ కళ్ళొత్తుకుంది. అచ్చమ్మకు వెళ్ళాలని ఉంది. పన్నెండేళ్ళ కూతురు గౌరికి జడ వేస్తుంటేనే చేతులు బరువెక్కిపోతున్నాయి, ఆ పిల్ల పెళ్ళి చూస్తానో లేదో అని దిగులు... కానీ అమ్మోరే వద్దన్నాక ఎవరితో చెప్పుకుంటుంది?

సాయంత్రం పూజ చోటు శుభ్రం చేస్తూ మిగిలిన పొట్లం తీసింది. కాగితం అంచున ఎర్రగా మరక. విప్పింది. అదీ మందారమే!

వాకిట్లో కూర్చున్న భర్త ముందుకు వెళ్ళి రెండు పూలూ చూపించింది.

"ఇదేమిటండీ?"

ఇంట్లో ఏనాడూ తెలుగు తప్ప మాట్లాడని మనిషి తల దించుకుని, బయట మాట్లాడే క్రియోల్‌లో, "మో తి పేర్..." అన్నాడు. "భయం వేసింది అచ్చమ్మా. నువ్వక్కడ పోతే చంపింది నేనే అవుతాను. ఇక్కడైతే... అమ్మోరి ఇష్టం అనుకోవచ్చు."

"అంటే నేను పోవడానికి మీకు అభ్యంతరం లేదు. మీ చేతి మీదుగా కాకపోతే చాలు."

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె అతణ్ణి అంత మాట అనడం అదే మొదలు. అంది గదా అని ఏడవనూ లేదు.

పెరట్లోంచి రెండు నందివర్ధనాలు కోసుకొచ్చింది. అత్త చూస్తుండగానే, భర్త చూస్తుండగానే రెండూ రెండు కాగితాల్లో చుట్టింది. అమ్మోరికి దణ్ణం పెట్టి, "తప్పయితే నాకే తగలనీ తల్లీ" అంది. పొట్లాలు అతని ముందు పెట్టింది.

"తీయండి."

"రెండూ తెల్లవే గదే" అంది రంగమ్మ.

"అవునత్తమ్మా. పొద్దున రెండూ ఎర్రవే."

రంగమ్మ కొడుకు వంక చూసింది. ఆ చూపుకు తట్టుకోలేక అతను ఒకటి తీశాడు, విప్పకుండానే డాక్టరిచ్చిన ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాడు.

"నేను తిరిగి రాకపోతే గౌరికి అమ్మోరి పేరు చెప్పకండి. మీ పేరూ వద్దు. 'మీ అమ్మ తానే కోరి వెళ్ళింది' అని చెప్పండి" అంది అచ్చమ్మ.

సిరా ఆరాక కాగితం మడిచి కొంగున కట్టుకుని, రాత్రికి బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.