అయిదుకు ఒకటి తక్కువ

ఆదివారం ఉదయం ఆరింటికి పటం రంగులు మార్చుకుంటుంది. ఆ వేళకి రాష్ట్రంలో సగంమంది పక్క మీంచి లేవకుండానే ఫోన్ తెరిచి తమ ఊరు ఏ రంగులో ఉందో చూసుకుంటారు. విశాఖపట్నంలో తన వంటగదిలో నిలబడి విరజ కూడా చూసింది, తన ఊరిని కాదు, ఎన్నడూ అడుగుపెట్టని బూరగమెట్టని. అది ఎప్పట్లాగే తెల్లగా ఉంది.

ఈ ఆరోగ్యపటం ఎవరి సొత్తూ కాదు. ఓపెన్ సోర్స్. కోడ్ అందరి ముందూ పరిచి ఉంటుంది. చేతనైనవాళ్లు ఎవరైనా మార్పు రాసి పంపవచ్చు, నలుగురూ చూసి బాగుందంటే కలుపుకుంటారు. జీతం బత్తెం లేని కొలువు. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక సెన్సర్ పట్టీ ఉంటుంది. అది చెమటను బట్టి మూత్రపిండాల తీరు తెలుసుకుని పటానికి చెబుతుంది. పాడునీళ్లతో మూత్రపిండాలు చెడినవాళ్లు పెరిగి ఊరు ఎర్రబడిందా, డ్రైవర్ లేని మంచినీళ్ల ట్యాంకర్ ఏ అధికారి సంతకమూ లేకుండా తనంతట తానే బయలుదేరుతుంది. లంచాలు పోయాయని అందరూ సంబరపడ్డారు. లంచంతో పాటు బతిమాలుకునే దారి కూడా పోయిందని ఎవరికీ తట్టలేదు.

ఆ పటంలో విరజ రాసింది పదకొండు వరుసలు. తొలిరోజుల్లో ఒక ఊళ్లో ఒకే ఒక్క రోగి ఉన్నట్టు పటం చూపిస్తే, ఆ ఒక్కరూ ఎవరో కనిపెట్టి ఊరివాళ్లు ఆమెను బావి దగ్గరికి రానివ్వలేదు. ఆ కబురు విని విరజ వారం రోజులు కూర్చుని ఒక నియమం రాసింది. రోగులు అయిదుగురి కంటే తక్కువుంటే ఆ లెక్క ఎవరికీ తెలియకూడదు, ఊరు తెల్లగా కనబడాలి. కోలుకున్నవాళ్లను మాత్రం ఒక్కరున్నా చూపించవచ్చు, మంచికబురుకి దాపరికం ఎందుకు? పటాన్ని మొదలుపెట్టిన ప్రొఫెసర్ జకరయ్య మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆమె దాన్ని అచ్చు తీయించి దాచుకుంది కూడా.

బూరగమెట్టలో పదిహేడు గడపలు. రోగులు నలుగురు.

"మూడేళ్ల నుంచీ నలుగురే అమ్మా," అంది మొదటిసారి ఫోన్ చేసినప్పుడు దాలమ్మ. పక్క ఊరి నుంచి రోజూ నడిచి వెళ్లి ఆ పదిహేడు గడపల మంచిచెడ్డలు చూసే ఆరోగ్య కార్యకర్త ఆమె. పటం అడుగున కోడ్ రాసినవాళ్ల పేర్లు ఉంటే, అడిగి అడిగి విరజ నంబరు పట్టుకుంది. "అయిదో మనిసికి వచ్చేసరికి ఒకలు పోతన్నారు. మళ్లీ నలుగురే. ఆ బావినీళ్లే తాగతన్నారు, ఇంకేటి సేత్తారు."

విరజ ఆ రోజే మార్పు రాసి పంపింది. లెక్క జనానికి కనబడకపోయినా ట్యాంకర్లకు తెలిస్తే చాలు.

"ట్యాంకర్ వెళ్లిందంటే ఊరంతటికీ తెలిసినట్టే కదా," అన్నారు జకరయ్య. "మళ్లీ ఎవరినో ఒకరిని వెలివేస్తారు. తొందరపడకండి విరజగారూ, చర్చిద్దాం."

చర్చ ముప్పైతొమ్మిది వ్యాఖ్యల దాకా సాగింది. వాటిలో పద్నాలుగు ఆ మార్పుకి ఏ పేరు పెట్టాలన్నదాని మీదే. అందరూ మంచివాళ్లు, ఒక్కరికీ దురుద్దేశం లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆమె కుమిలిపోయింది.

గురువారం దాలమ్మ ఫోన్ చేసింది. గొంతులో హుషారు. "అయిదుగురయ్యారమ్మా. తవిటమ్మకి కాళ్లు పొంగినాయి, పట్టీ కూడా సూపించేసింది. ఆదివారానికి ఎర్రబడిపోద్ది."

సాటి ఆడది రోగాన పడిందని సంతోషించాల్సిన గతి పట్టినందుకు విరజకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

శనివారం పొద్దున ఆ అయిదుగురిలో పెద్దవాడు, గురువులు అనే డెబ్బై ఏళ్ల ముసలాయన కన్నుమూశాడు.

దాలమ్మ ఆ చావు నమోదు చేయలేదు. గురువుల్ని మట్టి చేయకముందే అతని పట్టీ విప్పి, తన పట్టీ తీసేసి దాని చోట కట్టుకుంది. పట్టీ బతికుంటే మనిషి లెక్కలో ఉంటాడు, ఆమెకు తెలిసింది అంతే. రోగుల చేతికి రెండోది కడితే యంత్రం పట్టేస్తుందని తన చేతికే కట్టుకుంది. సొంత ఊరి నీళ్లు తాగే దాలమ్మకు ముప్పై ఆరేళ్లు. ఆమె మూత్రపిండాలు నిక్షేపంగా ఉన్నాయి.

ఆదివారం ఆరింటికి బూరగమెట్ట ఎర్రబడలేదు. తెలుపు నడుమ ఒక నీలిచుక్క వెలిగింది. నీలం అంటే కోలుకున్న మనిషి. ఆ జబ్బు చేసినవాళ్లు కోలుకోవడం అంతవరకూ ఎవరూ ఎరగరు. అలాంటిది ఒక ముసలివాడు, ఒక్కరోజులో.

మధ్యాహ్నానికి ఆ చుక్కను లక్షలమంది చూశారు. సాయంత్రానికి ఆ బావినీళ్లలోనే మహిమ ఉందని తేల్చేశారు.

"ఉన్నదున్నట్టు సెప్పీ అమ్మా, నా కొలువు పోతే పోనీ," అని దాలమ్మే అంది. విరజ అంతా పటం చర్చలో రాసి పెట్టింది. ఎవరూ నమ్మకపోతే జకరయ్యకు ఫోన్ చేసింది.

"రుజువు కావాలి కదా," అన్నారాయన. "పటంలో ఆ ఊళ్లో చావు లేదు, రోగులూ లేరు."

"రోగుల్ని దాచింది నా కోడే సార్. ఎవరినైనా పంపండి, వెళ్లి చూస్తారు."

"మనుషులు వెళ్లి చూసి రాసింది నమ్మలేకే కదా ఈ పటం కట్టుకున్నాం." ఆయన గొంతు తగ్గింది. "మా ఆవిడకీ అదే జబ్బు విరజగారూ. ఆ బావినీళ్లు ఒక సీసా తెప్పిస్తున్నాను."

"తాగించకండి సార్."

ఆయన ఫోన్ పెట్టేశారు. విరజ వంటగదిలో కింద కూలబడి ఏడ్చింది.

బుధవారం దాలమ్మ నుంచి ఫోన్ వచ్చింది. వెనక మోటారు చప్పుడు.

"ట్యాంకర్ వచ్చిందమ్మా."

విరజ గుండె ఒక్క క్షణం ఆశపడింది. "నిజంగానా? ఎప్పుడు?"

"పొద్దున్నే. కాళీగా వచ్చింది. ఈ ఊరి బావిలో నీళ్లే తోడి నింపుకుంటన్నాది, ఎర్ర ఊళ్లకి పంచడానికంట. దాని ఎనకాల ఇంకా తొమ్మిది నిలబడున్నాయి." దాలమ్మ మోటారు చప్పుడుకు దూరంగా జరిగింది. "తవిటమ్మ నిన్ను అడగమంటంది. తమకి తాగడానికి ఏటైనా మిగులుస్తారా అని."