అరవై రెండో పేజీ

రిజిస్టరులోంచి ఒక కాగితం మాయమైంది.

మంగళవారం ఉదయం 11.20కి ఆ సంగతి బయటపడింది. మధ్యాహ్నం మూడింటికి రేవులంక మునిసిపాలిటీలో కొత్త వార్డుల హద్దులపై బహిరంగ విచారణ. పాత హద్దుల రిజిస్టరును జనం ముందు చదివి వినిపించాలి. ఏ వార్డు ఏ కాలువ గట్టున మొదలై ఏ రోడ్డు దగ్గర ఆగుతుందో, అందులో ఏయే పేటలున్నాయో చెప్పే అసలు రికార్డు అదొక్కటే. అందులో లేని పేట గెజెట్‌లోకి ఎక్కదు. గెజెట్‌కి ఎక్కకపోతే ఊళ్ళో లేనట్టే.

ఇన్‌స్పెక్టర్ వెంకటదుర్గ 11.45కి వచ్చింది.

కాగితాన్ని బ్లేడుతో కోశారు. కుట్టు పక్కన సన్నటి అంచు మిగిలింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఐదింటికండి. అన్నీ సరిచూసి బీరువాలో పెట్టాను," అన్నాడు రికార్డు అసిస్టెంటు చంద్రరావు.

"ఈ ఉదయం ఎవరెవరు తెరిచారు?"

"ఇద్దరేనండి. 9.50కి అచ్యుతరామరాజు గారు. 10.15కి మన సర్వేయరు ఉదయభాస్కర్ గారు."

"మీరు పక్కనే ఉన్నారా?"

చంద్రరావు తల దించుకున్నాడు. "రాజుగారు పెద్దమనిషి. సర్వేయరు గారు మనవాళ్ళే. నేను కౌంటర్లోకి వెళ్ళిపోయానండి."

ఎవరు కోశారన్నదానిలో కమిషనర్ సూర్యావతికి సందేహమే లేదు. "పోయింది 61వ పేజీ. పద్నాలుగో వార్డు తూర్పు హద్దు. కాలువే హద్దంటే రాజుగారి రొయ్యల చెరువులు ఊళ్ళోకి వస్తాయి. వస్తే మూసుకోవాల్సిందే. ఇంకెవరు కోస్తారండీ?"

మూడింటి విచారణ కోసం అక్కడే ఆగిన అచ్యుతరామరాజు కోప్పడలేదు. బ్యాగు తెరిచి ఒక కాగితం తీశాడు. 61వ పేజీకి సర్టిఫైడ్ కాపీ. గత నెల సమాచార హక్కు కింద తీసుకున్నాడు.

"చదవండమ్మా. హద్దు 'పాత పంట కాలువ' అని ఉంది. కొత్త కాలువ కాదు. నా చెరువులు పాత కాలువకి అవతల ఉన్నాయి. ఈ పేజీ ఉంటేనే నేను బతుకుతాను. నా పేజీ నేనే కోసుకుంటానా?"

సూర్యావతి చదివి, కాపీని వెంకటదుర్గకి ఇచ్చింది.

వెంకటదుర్గ ఆ కాపీని అటూ ఇటూ తిప్పింది. వెనక తెల్లగా ఉంది.

"ఇది కాపీ కాబట్టి ఒకవైపే ఉంది. అసలు కాగితానికి వెనక ఏముంది? 62లో?"

చంద్రరావుకి గుర్తులేదు. ఉదయభాస్కర్ వెంటనే జవాబిచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు. ఇస్త్రీ నలగని చొక్కా.

"ఖాళీ పేజీ మేడమ్. గత నెల నేనే చూశాను."

"మీది ఏ ఊరు?"

"రాజమండ్రి మేడమ్."

బయట వరండాలో బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. చేతిలో అర్జీ. 9.30 నుంచీ అక్కడే ఉందని అటెండరు చెప్పాడు. వెంకటదుర్గ వెళ్ళి పక్కన కూర్చుంది.

"పేరేంటమ్మా?"

"అప్పాయమ్మండి."

"ఎక్కడుంటారు?"

"ఈ ఊరేనండి. కుష్టుపేట."

వెంకటదుర్గ చటుక్కున లేచి నిలబడింది.

ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. అప్పుడు చూసింది ఆ చేతుల్ని. జబ్బు ఎన్నడో నయమైంది. వేళ్ళు మాత్రం సగమే మిగిలాయి. అప్పాయమ్మ వాటిని అర్జీ కిందికి లాక్కుంది.

"పర్లేదండి," అంది.

ఆ మాటకి వెంకటదుర్గ చెవులు మండాయి. మళ్ళీ కూర్చుంది. కానీ ఆ లేవడం లేచినట్టే ఉండిపోయింది.

"అర్జీ దేనికి?"

"కొత్త వార్డుల్లో మా పేట ఎక్కడా లేదంటండి. అరవై నాలుగు గడపలు. మంచినీళ్ళ పైపు అడిగితే, మీరు ఏ వార్డని అడుగుతున్నారండి."

ఒంటిగంట నుంచి వెంకటదుర్గ రెండే పనులు చేసింది. రిజిస్టరు 63వ పేజీని ఫోన్లో ఫొటో తీసింది. వరండా సీసీ కెమెరా రికార్డింగు చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

2.35కి అందర్నీ కమిషనర్ గదిలోకి పిలిచింది. అప్పాయమ్మను కూడా. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఈ రిజిస్టరు ఎప్పుడో వరదలో తడిసింది," అంది వెంకటదుర్గ. "62వ పేజీ మూసినప్పుడు 63 మీద పడుతుంది. తడికి ఆ సిరా దీనికి అంటింది, తిరగబడి. ఫొటోని అద్దంలోలా తిప్పాను. చూడండి."

ఫోన్లో మసక అక్షరాలు. *కుష్టుపేట. గడపలు 64.* కింద వరసగా పేర్లు.

"ఖాళీ పేజీ అన్నారు కదా, ఉదయభాస్కర్ గారూ?"

"మర్చిపోయుంటాను మేడమ్."

"కావచ్చు. ఇంకోటి. పొద్దున్నుంచీ నలభై మంది ఆ బెంచీ ముందు నుంచి నడిచారు. అప్పాయమ్మ గారు ఎవరినీ పట్టించుకోలేదు. 10.14కి మీరొచ్చారు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగారు. 10.31కి మీరు బయటికెళ్ళారు. మళ్ళీ అదే. తెలియని మనిషిని చూసి ఎవరూ అలా ముఖం దాచుకోరు."

"ఆయనెవరో నాకు తెలీదండి!" అప్పాయమ్మ లోపలికొచ్చింది. "ఆ కాగితం నేనే కోశానండి. నన్ను తీసుకెళ్ళండి."

"దేంతో కోశారు?"

"బ్లేడుతోనండి."

గదిలో అందరూ ఆమె చేతుల వైపు చూశారు. చూసి, చూపులు తిప్పుకున్నారు.

"అక్కా, ఊరుకో," అన్నాడు ఉదయభాస్కర్.



అతను సర్వే పరికరం పెట్టె తెచ్చాడు. లోపలి స్పాంజి కింద నుంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడింటికి ఈ పేర్లన్నీ చదువుతారు మేడమ్. పదిహేడో ఇల్లు మాది. పడాల భీమరాజు, కూతురు అప్పాయమ్మ, కొడుకు ఉదయభాస్కర్. ఇంటిపేరుతో సహా. మా ఆవిడకి తెలీదు. ఆఫీసులో ఎవరికీ తెలీదు. కొత్త మ్యాపులో పేటని వదిలేసింది కూడా నేనే. ఒక్క పేరు పోతే చాలనుకున్నాను. అరవై నాలుగు ఇళ్ళు పోతాయని..." ఆగాడు. "తెలుసు. తెలిసే చేశాను."

"కాల్చేయలేదేం?"

అతను ఇంటి నంబరు పక్కనున్న మరకని చూపించాడు. నీలం సిరా, సగం వేలిముద్ర.

"మా నాన్నదండి. మనసొప్పలేదు."

"వాడి తప్పు కాదండి," అంది అప్పాయమ్మ. "హాస్టల్లో వేసినప్పుడు పేట పేరు చెప్పొద్దని నేనే నేర్పాను. ఆరేళ్ళవాడండి. చెబితే పక్కన కూర్చోనివ్వరని భయం."

వెంకటదుర్గ కిటికీ వైపు చూసింది. "భయం అబద్ధం కాదమ్మా. ఇందాక నేనూ లేచి నిలబడ్డాను."

సూర్యావతి నెమ్మదిగా అడిగింది. "పేట పేరు మార్చమంటారా? తీర్మానం పెట్టొచ్చు."

"ఏ పేరైనా పెట్టుకోండమ్మా. ఊళ్ళో ఉన్నామని రాయండి, చాలు."

మూడింటికి విచారణ మొదలైంది. పద్నాలుగో వార్డు వచ్చేసరికి కమిషనరే లేచి చదివింది. తూర్పున పాత పంట కాలువ. పడమర రేవు రోడ్డు. కుష్టుపేట, అరవై నాలుగు గడపలు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. పేర్లన్నీ చదివింది. అభ్యంతరం చెప్పినవాళ్ళు లేరు.

4.10కి ఉదయభాస్కర్‌ని జీపు ఎక్కించారు. వరండా నిండా స్టాఫ్. కొందరు ఫోన్లు పైకెత్తారు. వెంకటదుర్గ గట్టిగా ఒక్క చూపు చూసింది. ఫోన్లు కిందికి దిగాయి.

ఆమె జీపు వెనక తలుపు తెరిచి పట్టుకుంది. "రండమ్మా. మీ తమ్ముడి పక్కన కూర్చోండి. స్టేషన్‌కి కలిసే వెళ్దాం."

అప్పాయమ్మ ఒక అడుగు వేసింది. వరండా వైపు చూసింది. ఆగిపోయింది.

"వద్దులెండి. నేను ఆటోలో వస్తాను," అంది గొంతు తగ్గించి. "వాడి పక్కన నన్ను నలుగురూ చూస్తారు."