విలువ లేని డబ్బా

పోయింది ఒక మందపాటి ఉత్త అల్యూమినియం డబ్బా. లోపల తీగ ముక్క కూడా లేదు. పాత సామాన్లు కొనేవాడైనా మొహం చిట్లించే సరుకు.

అయినా అది దొరికేదాకా దుమ్ము చొరబడని ఆ క్లీన్ రూమ్ తలుపు తెరుచుకోదు. ప్రతి వస్తువూ లెక్క తేలాకే మనుషులు బయటికి వెళ్లాలి. ఆ రూల్ పెట్టింది చీఫ్ డిజైనర్. కిటికీ లేని గది, తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూట్లు. విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి ముక్కు దురద పెడుతోంది, గోక్కునే వీల్లేదు. ప్రాణం విసిగిపోయింది.

గది మధ్యలో ఉపగ్రహం పరికరాల మాడ్యూల్. సిగ్నల్‌ను పెంచి కిందికి పంపే ఆంప్లిఫైయర్లు ఎనిమిదీ అందులో బిగించి ఉన్నాయి.

"డబ్బా ఉండే స్టోర్ తాళం నీ దగ్గరే కదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"స్క్రూల కోసం అందరూ తీసుకుంటారు సార్. నేను మాత్రం తియ్యలేదు."

స్టోర్ కీపర్ తాళం చెవి తీసి చూపించింది. సాయంత్రానికి డబ్బా దొరక్కపోతే ఆమె ఉద్యోగం పోతుంది, దొంగ అన్న పేరు మిగులుతుంది.

డిజైనర్ తేలిగ్గా నవ్వాడు. "అది డమ్మీ అండీ. అసలు ఆంప్లిఫైయర్ తయారయ్యేదాకా దాని చోట బరువు కోసం పెట్టేది. వదిలేద్దాం. మాడ్యూల్ మూత వెయ్యాలి."

"బరువెందుకు?"

"పైన ఉపగ్రహం బొంగరంలా తిరుగుతుంది. ఒక పక్క తేలికైతే ఊగిపోతుంది."

"ఆఖరి టెస్ట్ తర్వాత దేన్నైనా విప్పారా?"

"ఒకటి. స్క్రూ వదులైతే నేనే విప్పి బిగించాను."

"ఎనిమిదింటినీ మళ్లీ ఆన్ చెయ్యండి."

"టైమ్ లేదు."

"తలుపు తియ్యట్లేదుగా సార్. బోలెడంత టైముంది."

కాసేపటికి ఏడు ఆంప్లిఫైయర్లు వేడెక్కాయి. డిజైనర్ విప్పి బిగించిన ఎనిమిదోది చల్లగా ఉంది.

"పనికిరాని డబ్బా ఎవరికి కావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆంప్లిఫైయర్ చోట సరిగ్గా అంతే బరువు పెట్టాల్సినవాడికి. అందరి సంచులూ వెతికారు. డిజైనర్ గారి టూల్ పెట్టె ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది."

పెట్టెలో, గుడ్డలో చుట్టి, మూల సొట్టపడ్డ అసలు ఆంప్లిఫైయర్ దొరికింది.

డిజైనర్ తల దించుకున్నాడు. "చెయ్యి జారింది. ఇంకోటి చెయ్యాలంటే ఏడాది. పైకెళ్లాక పాడైందనుకుంటారని..."

"పైన ఎవరికీ తెలిసేది కాదు సార్," అంది స్టోర్ కీపర్. "కింద నేను బతికినంతకాలం దొంగనే."

ఇన్‌స్పెక్టర్ తలుపు తీయించాడు. ఒక్కొక్కరే బయటపడి మాస్కులు లాగేసుకున్నారు. చివరగా కదిలిన డిజైనర్‌కి ఆమె అడ్డంగా నిలబడింది.

"డమ్మీ ఇంకా లోపలే ఉంది సార్. విప్పి నా చేతికిచ్చాకే మీరు రావాలి. రూల్ మీదే."

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక్కి నడిచాడు.