ఊరగాయ కొట్టు పైన ప్రార్థన గది

న్యూయార్క్‌లో తూర్పు వైపు ఇరుకు వీధుల్లో, దోసకాయ ఊరగాయలమ్మే కొట్టు మీద ఒక పొడుగాటి గది ఉండేది. పోలెండులో ఒకే ఊరి నుంచి ఓడెక్కి వచ్చిన యూదులు తలా కాస్త వేసుకుని దాన్ని ప్రార్థన మందిరం చేసుకున్నారు. కింద నుంచి ఉప్పునీళ్ళ పులుపు వాసన, పైన తడిసిన ఉన్ని కోట్ల ముక్కిన వాసన. ఊరు వదిలారే గానీ ఊరి తగాదాలు వదల్లేదు.

మందిరం బాగోగులు చూసే జెలిగ్ తాత తెల్లవారకముందే వచ్చి, తాళం తీసేముందు తలుపు తట్టి కాసేపు ఆగేవాడు. చచ్చిపోయినవాళ్ళు రాత్రిళ్ళు వచ్చి లోపల ప్రార్థించుకుంటారట. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాలట.

"ఎప్పుడైనా వాళ్ళు పేరు పెట్టి పిలిస్తే వేదిక ఎక్కి ఆశీర్వచనం చదివి తీరాలి నాయనలారా. ఎక్కినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు. ఎక్కనివాడి సంగతి మాత్రం నన్నడక్కండి," అనేవాడు.

ఇస్త్రీ పని చేసే ఆల్తర్‌కి ఆ మాటలు ఒక వినోదం. పైగా ఒకసారి ప్రార్థన మధ్యలో కబుర్లాడుతున్నాడని, కాబోయే మామగారి ఎదుటే తాత వాణ్ణి చెవి పట్టుకుని బయటికి గెంటాడు.

"ముసలాడి చేత లాగు తడిపిస్తా చూడు," అన్నాడు ఆల్తర్, స్నేహితుడు బెరిష్‌తో.

ఒక చలికాలం వేకువన ఇద్దరూ వెనక ఇనప మెట్లెక్కి కిటికీలోంచి దూరి, ఆడవాళ్ళు కూర్చునే తెర చాటున నక్కారు. చీకటి. ఆరిన కొవ్వొత్తుల వాసన. ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు.

తలుపు తట్టిన శబ్దం.

"వెళ్ళండి నాయనలారా, మీ చోటికి మీరు వెళ్ళండి," అని గొణిగి తాత దీపంతో లోపలికొచ్చాడు.

ఆల్తర్ గొంతు బొంగురు చేసి పిలిచాడు. "జెలిగ్... మెయిర్ కొడుకా... రా!"

దీపం ఊగిపోయింది. తాత గోడ పట్టుకున్నాడు. పారిపోలేదు. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వేదిక ఎక్కి ఆశీర్వచనం మొదలుపెట్టాడు.

"చాల్లేరా, చచ్చిపోతాడు," అని గుసగుసలాడాడు బెరిష్.

"ఉండరా. ఏడవనీ."

తాత నిజంగానే ఏడుస్తూ ముగించాడు.

"ఆమెన్..."

ఖాళీ బల్లల మీంచి వచ్చింది. ఒక్క గొంతు కాదు... గదంతా.

బెరిష్ గోళ్ళు ఆల్తర్ చేతిలో దిగబడ్డాయి. అప్పుడు ఆ ఖాళీ బల్లల మధ్య నుంచి ఎవరో, తొందర లేకుండా పిలిచారు.

"పేసాఖ్... నోఖెమ్ కొడుకా... రా."

"పేసాఖ్ ఎవర్రా?" అన్నాడు బెరిష్.

ఆల్తర్ కిటికీ వైపు జరిగాడు. అది వాడి పేరే. పసితనంలో జ్వరంతో పోతాడనుకుంటే, మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా పోల్చుకోలేకుండా వాడి పేరు ఆల్తర్, అంటే ముసలాడు, అని మార్చారు. పాత పేరు మళ్ళీ ఎవరూ పలకలేదు. అది తెలిసిన అమ్మానాన్నలు సముద్రం అవతల మట్టిలో ఉన్నారు.

తాత తెర వైపు తిరిగాడు. "వెళ్ళు. పిలిచారుగా."

ఆల్తర్ కిటికీలోంచి మెట్ల మీదికి దూకి పరిగెత్తాడు.

మంచు కరగకముందే జెలిగ్ తాత పోయాడు. ఆల్తర్ శవం వెంట కూడా నడవలేదు. పెళ్ళి చేసుకుని బ్రాంక్స్‌కి మకాం మార్చాడు. వాడికేమీ కాలేదు. మరుసటేడు కొడుకు పుట్టాక, పట్టపగలు, ఇంటినిండా చుట్టాలు, వేయించిన ఉల్లిపాయల ఘుమఘుమల మధ్య సున్తీ జరిగింది. వాళ్ళలో బిడ్డకి పోయినవాళ్ళ పేరే పెడతారు. భార్య వాళ్ళ చనిపోయిన తాత పేరు, గింపెల్ అని పెట్టాలనుకున్నారు.

సున్తీ చేసే ముసలాయన ద్రాక్షసారా గిన్నె ఎత్తాడు. "ఈ బిడ్డ పేరు... పేసాఖ్, ఆల్తర్ కొడుకు!"

"ఆమెన్!" అన్నారందరూ.

"గింపెల్ కదండీ!" అని అరిచింది భార్య.

ఎదురుగా నిలబడ్డ ఆల్తర్ ముసలాయన భుజాలు పట్టుకుని కుదిపేశాడు. "ఆ పేరు నీకెవరు చెప్పారు?"

ముసలాయన తెల్లబోయాడు.

"నువ్వే కదయ్యా, ఇప్పుడే నా వెనక నిలబడి చెవిలో చెప్పావు!"