జానెడు లోకంలో మరుగుజ్జు

ఆ రోజు ఇంట్లో అమ్మ, అన్న గవరయ్య, మామ్మ ఉన్నారు. మోచేతి వరకు పైడితల్లి కూడా ఉంది. వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని, నడుం వంచి, తలుపులోంచి చెయ్యి పెట్టి పందిరిమంచాన్ని గోడవారకు జరుపుతోంది. గవరయ్యను చూసుకోవడానికి ఆడపిల్లవారు వస్తున్నారు.

నీళ్లు, తిండి చాలని కాలంలో ‘కుదింపుసూది’ వచ్చింది. అది వేస్తే ఎంతటి మనిషైనా నెల తిరిగేసరికి జానెడవుతాడు. ఊరంతా వేయించుకుంది. పైడితల్లికి మాత్రం అది పనిచేయలేదు. పుట్టుకతోనే ఎదుగుదల ఆగిన ఒంటికి సూది ఎక్కదని వైద్యులకు తర్వాత తెలిసింది. ఆమె మూడడుగులే ఉండిపోయింది.

“అన్నా,” అందామె, వాళ్ల చెవులు నొవ్వకుండా గుసగుసగా. “నువ్వు అర్తాల పుస్తకం రాసీ మాటల కొట్టులో పన్జేస్తన్నావు గదా. మరుగుజ్జంటే ఏటి?”

“పాత మాట. గుజ్జంటే పొట్టి. కుబ్జ నుంచొచ్చిందంటారు, నడుం వంగినోలని. వంగితే పొట్టిగా అవుపిస్తారు గదా. ఇప్పుడెవులూ అనరు, పుస్తకంలోంచి కొట్టేద్దామంటన్నారు.”

“నన్ను అనీవోరు.”

గవరయ్య మెడ వెనక్కి వాల్చి ఆమె ముఖం దాకా చూసి నవ్వాడు. “ఇప్పుడు సెప్పు, ఎవుడు నమ్ముతాడో!”

“నవ్వులు సాలు,” అంది అమ్మ. “ఒలే పైడీ, ఆలొచ్చే యేలయింది. పెరట్లోకెళ్లి కూకో.”

“సూది రాకముందు అప్ప పెళ్లి సంబంధానికీ పెరట్లోకే ఎల్లమన్నావు. మరుగుజ్జున్న ఇల్లంటారని.”

“అప్పుడు అది. ఇప్పుడు నిన్ను సూసి జడుసుకుంటారు. రేపు కోడలి మీద నీ కాలు పడితే?”

“ఎవుల్నైనా తొక్కీనానా అమ్మా? కదలకుండా కూకుంటాను. వొదిన్ని ఒక్కసారి సూస్తాను.”

మంచం మీంచి మామ్మ లేవబోయింది. “ఉండనీయే కోడలా. మొన్న గాలివానలో ఇల్లెగిరిపోకుండా పట్టుకున్నది ఆ గుంటే.”

వీధి మలుపులో బండి గంట వినిపించింది. పైడితల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

గవరయ్య గడప మీదికి వచ్చాడు. “అలగకు సెల్లీ. సంబంధం కుదిరినాక నేనే పిలుస్తాను.”

“ఆలకి సెప్తావా అన్నా, నీకో సెల్లుందని?”

అతను బండి వస్తున్న వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. లోపలికి వెళ్లి తలుపు వేశాడు.