ఒలెగారియో వేసిన తాళం

మాంటెవిడియో రేవు వెనక వీధిలో చేపల పరిశోధన కార్యాలయం ఒకటి ఉండేది. అందులో పై అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. కంప్యూటర్ల మంచీ చెడ్డా చూసే ఒలెగారియో పింటోస్ ఆ గదిలోనే పోయాడు. ఈమెయిల్ పెట్టె తెరిచి ఉత్తరాలు చదువుకుంటూ, కుర్చీలోనే తల వాల్చేశాడు. ఆ తర్వాత ఆ గదిలో మాడిపోయిన బల్బు మార్చిన నాథుడు లేడు. చీకటి పడ్డాక తలుపు వెనక కీబోర్డు చప్పుడవుతుందనీ, అది వినిపించిన రోజు ఎవరిదో ఒకరి పెట్టెకి తాళం పడుతుందనీ చెప్పుకునేవారు.

తాళమంటే ఇనప తాళం కాదు. ఆ రోజుల్లో ఒకే పెట్టెని ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునేవాళ్ళు. అందరూ ఒక్కసారే చెయ్యి పెడితే ఉత్తరాలన్నీ కలగాపులగమైపోతాయి. అందుకని, ఒకరు పెట్టె తెరవగానే యంత్రం దాని పక్కన ‘లాక్’ అనే చిన్న ఫైలు పెట్టేది... స్నానాల గదికి లోపల గడియ వేసుకున్నట్టు. అది ఉన్నంతసేపూ రెండోవాళ్ళు ఆగాలి. కొత్తగా వచ్చిన ఉత్తరం కూడా గుమ్మం బయటే ఆగాలి. పని కాగానే ఆ ఫైలు పోవాలి, దారి తెరుచుకోవాలి.

ఒలెగారియో గడియ తియ్యకుండానే పోయాడు కదా — అదీ జనం భయం.

డార్విన్ ఎచెగోయెన్‌కి ఆ భయం లేదు. అతని జబ్బు వేరు.

అతనూ, భార్య జుల్మా ఒకే విభాగంలో పనిచేసేవాళ్ళు. ఎవరి సొంత పెట్టె వాళ్ళకున్నా, విభాగం ఉత్తరాలకి ఇద్దరికీ కలిపి ఒకే పెట్టె, ఒకే పేరు. ఆ పెట్టెలోకి మార్ దెల్ ప్లాతా రేవు నుంచి లిసాండ్రో అనే ఆయన ఉత్తరాలు వచ్చేవి. పరిశోధన ఓడకి ఆయనే పెద్ద. రాసేదంతా కణవ చేపల గురించే... వలలో ఎన్ని పడ్డాయి, ఏ లోతులో పడ్డాయి. కానీ అవి చదువుతూ జుల్మా నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో విని ఎంత కాలమైందో డార్విన్‌కి గుర్తు లేదు. కణవల్లో నవ్వొచ్చేదేముందని మండిపోయేవాడు.

ఉన్నట్టుండి ఆ ఉత్తరాలు ఆగిపోయాయి; అతను ఎప్పుడు పెట్టె తెరవబోయినా ఇంకెవరో వాడుతున్నారనేది తెర. ఊరట కలగాల్సింది పోయి, అతనికి అన్నం సయించడం మానేసింది. ఆగిపోలేదు... నేను చూడకముందే చదివి చెరిపేస్తోంది, అనుకున్నాడు.

ఒక జూలై సాయంత్రం, అక్కడ చలికాలం. దక్షిణపు గాలి కిటికీలని ఊపేస్తోంది. ఆరింటికే చీకటి పడిపోయింది. చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పి జుల్మా ముందే బయల్దేరింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే డార్విన్ కింద గదిలో యంత్రం ముందు కూర్చున్నాడు. పెట్టె తెరవబోయాడు.

తెరుచుకోలేదు. మళ్ళీ ఇంకెవరో వాడుతున్నారంది తెర.

ఎవరు? లాక్ ఫైలులో, పెట్టెని పట్టుకున్న ప్రోగ్రాముకి గుర్తుగా ఒక అంకె ఉంది. ఆ అంకె ఎవరిదని యంత్రాన్నే అడిగాడు. పేరు చూస్తే విభాగం పేరే. అది నడుస్తున్న చోటు మాత్రం... పై అంతస్తు. చివరి గది.

చెల్లెలిల్లు ఇదన్నమాట — అనుకున్నాడు. పంటి కింద పెదవి ఎప్పుడు నలిగిందో తెలియలేదు.

మెట్ల దగ్గర కాపలావాడు సిక్స్‌తో, చలికి ముడుచుకుని మాతే తేనీరు పీలుస్తున్నాడు. డార్విన్ పైకి వెళ్తున్నాడని చూసి గొట్టం నోట్లోంచి తీశాడు.

“ఇప్పుడొద్దు డాక్టరుగారూ,” అన్నాడు గొంతు తగ్గించి. “ఒలెగారియో వచ్చాడు. ఇందాకట్నుంచీ కీబోర్డు కొడుతూనే ఉన్నాడు.”

డార్విన్ ఆగలేదు.

పై వరండాలో దీపం లేదు. గోడ తడుముకుంటూ నడిచాడు. గాలి ఒక్క క్షణం తగ్గింది... అప్పుడు వినపడింది.

టక్... టక్ టక్.

తలుపు కింద నుంచి సన్నగా ఆకుపచ్చ వెలుతురు. కోపంతో ఎక్కాడే గానీ, తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. జుల్మా ఒక్కతే ఉంటుందా, పక్కన ఎవరైనా ఉంటారా... అసలు ఆమే ఉంటుందా?

తలుపు తోశాడు.

చప్పుడు ఆగిపోయింది. తెర ముందు కుర్చీలో ఎవరో ఉన్నారు. వెనక్కి తిరగలేదు.

“తలుపెయ్యి. చలిగా ఉంది,” అంది జుల్మా.

“వెనక మెట్ల మీంచి వచ్చావా?” అన్నాడు. “ఎవరికోసం?”

“మన పెట్టెకి తాళం వేసిందెవరో చూద్దామని.” కుర్చీ పక్కకి జరిపింది. “నువ్వే చదువు.”

చదివాడు. ఎక్కువేమీ లేదు. లిసాండ్రో పేరుతో ఉత్తరం వస్తే, అది ఎవరి కంటా పడకముందే నకలు తీసి దాచమని పెట్టిన చిన్న ప్రోగ్రాము. దాచే చోటు — డార్విన్ సొంత పెట్టె.

అప్పుడు గుర్తొచ్చింది. ఉత్తరాలు ఆగిపోకముందు ఒక ఆదివారం, ఎవరూ రాని గది కదా అని ఇక్కడికే వచ్చి తనే దాన్ని నడిపించాడు. కాసేపటికి సిగ్గేసి తెర ఆర్పేశాడు. తెర ఆరితే అదీ ఆగిపోయిందనుకుని ఇంటికెళ్ళిపోయాడు. అది ఆగలేదు. ఎక్కడో చిక్కుకుపోయి, తాళాన్ని గుప్పిట్లో బిగించుకుని, అన్ని రోజులూ చీకట్లో కూర్చునే ఉంది.



“నువ్వు కాక ఒలెగారియోనే అయితే బావుణ్ణని మొక్కుకుంటూ ఎక్కాను,” అంది జుల్మా, మెల్లిగా.

ముందు ఆ ప్రోగ్రాముని ఆపింది. ఆ తర్వాతే లాక్ ఫైలు చెరిపేసింది. బయట ఆగిపోయిన ఉత్తరాలు ఒకటొకటే లోపలికి వచ్చి పడసాగాయి. అందులో లిసాండ్రో ఉత్తరం ఉంది. జుల్మా దాన్ని తెరిచి, దాపరికం లేకుండా అతని ముందే చదువుకుంది. దక్షిణ సముద్రానికి వెళ్ళే ఓడలో ఆవిడ అడిగినట్టే, ఆవిడకీ డార్విన్‌కీ కలిపి ఒక గది ఖాయం చేశానని రాశాడాయన. రేపు ఉదయంలోగా జవాబివ్వమన్నాడు.

“నీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను,” అంది.

జవాబు కొట్టడం మొదలుపెట్టింది. టక్... టక్ టక్. డార్విన్ తెర వంకే చూస్తున్నాడు.

నేనొక్కదాన్నే వస్తాను, అని రాసి పంపేసింది.