కరవాలం రెండులో దిగుడుబావి

ఆ బావి కాడికి పోతే చేతులు పనిచెయ్యవు. గిది నేను కల్పించిన ముచ్చట కాదు, ఏడేండ్ల సంది పోరగాళ్ళందరు అంటున్న మాట.

ఉరికేటోడు ఉరకలేడు. ఎగిరేటోడు ఎగరలేడు. కత్తి దుయ్యబోతే ఒరలకెళ్ళి కత్తి రాదు. చిమ్మచీకటి... కిందికి దిగే రాతి మెట్లు... అడుగున నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళలకెళ్ళి ఒక ఆడమనిషి గొంతు, చెవిల ఊదినట్టు—

"మెల్లగా... మెల్లగా దిగు... నేను చూస్తున్నాను కదా..."

నిజాంపేటల ఒక పోరడు ఆ గొంతు విని చేతిల ఉన్న కంట్రోలర్ తీసి టీవీకేసి కొట్టిండట. కొండాపూర్ హాస్టల్ల ఇంకొకడు మూడు రాత్రులు లైటు ఆర్పకుండ పండుకున్నడట. అండ్ల నిజమెంతో, ఉప్పుకారం పెట్టిందెంతో నాకు తెల్వదు.

ఏ ఊరి బావి అని అడగకుండ్రి. ఏ ఊళ్ళె లేదు. అది టీవీల ఆడే గేముల బావి. నవ్వొస్తే నవ్వుకోండ్రి, నేను గూడ మస్తు నవ్విన. ఇప్పుడు మా ఇంట్ల దాని పేరెత్తితే ఎవ్వరికీ నవ్వు రాదు.

నేను చూసింది కొంత, మా తమ్ముడు సాయిచంద్ చెప్పింది కొంత. విన్నది విన్నట్టు చెప్త.

మాది మాదాపూర్ పాత ఊరు. మా ఇంటికి రెండు గల్లీల అవతల, ఒక మేడ మూడో అంతస్తుల చిన్న గేముల కంపెనీ ఉండె. ఇరవై ముప్పై మంది. వాళ్ళు 'కరవాలం' అని ఒక కత్తియుద్ధం గేమ్ చేసిండ్రు. మన కోటలు, మన కత్తులు, మన మాట — పోరగాళ్ళకు పిచ్చి లేసింది. మావోడైతే పరీక్షల ముందట గూడ గదే పని.

రెండేండ్లకు 'కరవాలం రెండు' వచ్చింది. అండ్ల హీరో ముసలోడైండు. మోకాలు నొప్పి. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఎగురుడు లేదు, దుంకుడు లేదు. ఎంతో ఆశపడ్డోళ్ళు ఉసూరుమన్నరు. బావి కాడికొచ్చేసరికి అసలు బటన్లే పనిచెయ్యకపాయె.

సాయిచంద్‌కు గప్పుడు పందొమ్మిదేండ్లు. యూట్యూబ్‌ల కొత్తగ ఛానల్ పెట్టిండు. ఆ బావి కాడ బటన్లు టపటప కొట్టుకుంట, పడీ పడీ నవ్వుకుంట ఒక వీడియో తీసిండు. "గేముకు దెయ్యం పట్టిందిరో! ముందుగాల గీ దెయ్యాన్ని తీసెయ్యుండ్రి!" అని. పన్నెండు లక్షల మంది చూసిండ్రు. కంపెనీ బెదిరిపోయింది. నెల తిరగకముందే అప్‌డేట్ పంపి ఆ గొంతు తీసేసి వేరే గొంతు పెట్టింది, బటన్లు పనిచేసేటట్టు చేసింది. అయినా ఎవ్వడు దేకలే. ఏడాది లోపట కంపెనీ మూతపడ్డది.

దెయ్యం పోయింది, పీడ పోయింది అనుకున్నరు అందరు.

ఇగ ఇప్పటి సంగతి. మావోడు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పోయిన నెల వాళ్ళ ఆఫీసుల ఒక యాప్ వదిలిండ్రు. పదకొండు నెలలు తిండి నిద్ర లేకుండ చేసిండు దాన్ని. మొదటిరోజే జనం ఒక్క స్టార్ ఇచ్చి, 'చెత్త' అని ఒక్క ముక్క రాసి పోయిండ్రు. ఆ రోజు అన్నం పళ్ళెం ముందట పెట్టుకోని మా తమ్ముడు చాలాసేపు కలపలే.

"అక్కా, నేను గూడ ఒకప్పుడు గిట్లనే అన్న కదా," అన్నడు.

మరునాడు సజ్జ మీదికెళ్ళి పాత గేమ్ డబ్బా దించిండు. మా అమ్మ పాత తువ్వాల చుట్టి ఏడేండ్ల కింద దాన్ని పైన పెట్టింది. అండ్ల 'కరవాలం రెండు' అట్లనే ఉన్నది.

"నెట్ తగలలేదు కదా అక్కా, మొదటి వారం ఎట్ల వచ్చిందో గట్లనే ఉంది. లోకంల అందరిదీ మారింది, మనది మారలే," అని సంబరపడ్డడు. నేను ఫోన్ చూసుకుంట ఊఁ కొట్టిన.

నాలుగు రోజులు ఆఫీసుకెళ్ళి వచ్చినంక అదే ఆడిండు. మళ్ళ కొత్తగ ఒక వీడియో చెయ్యాలె, నిజంగ అంత పాడుగుందా చూడాలె అని.

"మంచిగుందక్కా ఇది! ముసలోడు కొట్టుడు కాదు, తప్పించుకునుడు నేర్చుకున్నడు. నాకప్పుడు కొట్టుడే కావాల్నాయె."

"నీకు గూడ మోకాళ్ళు నొస్తున్నయా ఏందిరా?" అన్న.

ఆదివారం పగటీలి రెండు గంటలకు బావి కాడికొచ్చిండు.

బయట ఎండ పెళపెళ కాస్తున్నది. నేను చాప మీద కూసోని ఎల్లిపాయలు ఒలుస్తున్న. టీవీల మాత్రం అర్ధరాత్రి. ముసలోడు మొదటి మెట్టు మీద అడుగుపెట్టిండు... ఆగిండు. కీచురాళ్ళ సప్పుడు గూడ ఆగిపోయింది.

"మెల్లగా... మెల్లగా దిగు... నేను చూస్తున్నాను కదా..."

నా చేతుల ఎల్లిపాయ జారి పడ్డది.

సాయిచంద్ బటన్ ఒత్తిండు. కదలలే. మళ్ళ ఒత్తిండు... గొంతు టక్కున తెగి, మళ్ళ మొదటికొచ్చింది. "మెల్లగా... మెల్లగా..." ఒత్తినకొద్దీ మొదటికే వస్తున్నది.

వంటింట్లకెళ్ళి మా అమ్మ సత్తెమ్మ, కొంగుకు చేతులు తుడుచుకుంట వచ్చి నిలవడ్డది. చెవి పెట్టి విన్నది.

"ఎవర్రా గామె?"

"దెయ్యమే అమ్మా..." అన్న.

"దెయ్యం లేదు నీ మొఖం లేదు! ఆ ఊపిరి చూడు. మాటమాటకు ఎట్ల ఆగుతున్నది? మీ ఇద్దర్ని మోసిన, నాకు తెల్వదా? ఆమెకు నెలలు నిండినయ్."

సాయిచంద్ మళ్ళ బటన్ ఒత్తిండు.

"ఊకె గుంజకురా దాన్ని. చేతులు తియ్యి... ఆమెను మాట్లాడనియ్యి," అని మా అమ్మ కంట్రోలర్ గుంజుకోని ఒళ్ళె పెట్టుకున్నది.

ఒక్క నిమిషం ఏం కాలే.

ఆ తర్వాత... ఎవ్వరు ఏమీ ఒత్తకుండనే, ముసలోడు ఒక మెట్టు దిగిండు. గొంతు వాని పక్కకెళ్ళే వస్తున్నది. ఇంకొక మెట్టు. ఇంకొకటి. వానికి బావి భయం, ఆమె దింపుతున్నది — గంతే. ఏడేండ్ల సంది ఒక్కడు గూడ చేతులు తియ్యలే, గందుకే ఒక్కనికీ తెల్వలే.

ఆఖరి మెట్టు. నీళ్ళ సప్పుడు. గప్పుడు — కుర్చీ కిర్రుమన్న సప్పుడు వచ్చింది. బావిల కుర్చీ ఏంది? మా అమ్మ నా చెయ్యి పట్టుకున్నది. అదే గొంతు, గుసగుస లేదు, మామూలుగ, పట్టపగలు మాట్లాడినట్టు—

"అబ్బా... వేణు గారూ, ఒక్క నిమిషం ఆపండి. లోపల తంతోంది."

దూరంగ ఒక మగాయన నవ్విండు. ఆమె గూడ నవ్వింది. తర్వాత బాగ దగ్గరికొచ్చి, చిన్నగ అన్నది.

"ఏంటే? అమ్మ గొంతుకి ఉలిక్కిపడ్డావా? నేనేనే బంగారం... పడుకో."

అంతే. ముసలోడు బావి దాటిండు, తెల్లారింది. మా అమ్మ కండ్లొత్తుకుంట వంటింట్లకు పోయింది.

ఆ సాయంత్రం సాయిచంద్ ఉన్నదున్నట్టు రాసి నెట్‌ల పెట్టిండు. ఆ గేమ్ మీద తప్పు మాట్లాడిన, బావిలున్నది దెయ్యం కాదు అని. సోమవారం పొద్దుగాల ఫోన్ వచ్చింది. మనిషి పేరు వెంకట్. జీడిమెట్లల ఉద్యోగం, ప్రగతి నగర్ల ఇల్లు. తమ్ముడు స్పీకర్ల పెట్టిండు.

"ఆవిడ నా భార్య ప్రవీణండి. ఆ కంపెనీలో సౌండ్ పని చేసేది. అసలు యాక్టర్ వచ్చేదాకా ఆఫీసులో ఎవరో ఒకరి గొంతు పెట్టుకుని పని నడిపిస్తారట, తర్వాత మారుస్తారట. హడావిడిలో అదొక్కటీ మార్చడం మర్చిపోయారు. ఆ గొంతు ఇచ్చిన కొన్నాళ్ళకే కాన్పులో పోయిందండి."

మా అమ్మ వంటింట్లకెళ్ళి వచ్చి ఫోన్ పక్కన కూసున్నది.

"నాకు గేమ్ సంగతి తెలిసేసరికే అప్‌డేట్ వచ్చేసింది. పాపకి ఏడేళ్ళండి, పింకీ. వాళ్ళమ్మ ఎలా మాట్లాడేదో ఇప్పటిదాకా వినలేదు. పెళ్ళి వీడియో మూడు గంటలుంది — మొత్తం పాటలే వేసి పెట్టారు, ఒక్క మాట లేదు. ఫోన్ మార్చినప్పుడు వాయిస్ మెసేజ్‌లన్నీ పోయాయి. మీ పాత వీడియోలో కాస్త వినపడుతుంది. నేను చాలాసార్లు చూశానండి. పాపకి మాత్రం వినిపించబుద్ధి కాలేదు."

సాయిచంద్ తల దించుకున్నడు.

"ఆదివారం తీసుకురమ్మంటారా అండీ?"

"రండన్నా," అన్నడు.

ఫోన్ పెట్టేసినంక నేను వెంటనే అన్న. "ఇప్పుడే ఫోన్ల రికార్డ్ చేసి పెట్టరాదురా."

"ఫోన్ల తీస్తే ఫ్యాన్ సప్పుడు, బండ్ల సప్పుడు అన్నీ వస్తయక్కా. ఏడేండ్లకు వింటున్నది బిడ్డ, మంచిగ వినవడాలె. రికార్డింగ్ డబ్బా ఆర్డర్ పెట్టిన, శనివారం వస్తది. ఫికర్ చెయ్యకు."

వాడు మంచికే అన్నడు. నేను గూడ మంచికే ఊకున్న. అదీ మా ఖర్మ.

శనివారం రికార్డింగ్ డబ్బా రాలే. ఆదివారం పదిన్నరకు, మా గల్లీ దొరుకతలేదని వెంకట్ ఫోన్ చేస్తే, వాళ్ళను తోలుకొచ్చెటందుకు సాయిచంద్ మెట్రో కాడికి పోయిండు. నేను కుర్చీలు వేసిన. టీవీ తుడిచిన. ముందుగాల గేమ్ పెట్టి ఉంచుదామని డబ్బా ఆన్ చేసిన.

మా ఆఫీసుల ఒక అలవాటున్నది. క్లయింట్ వస్తున్నడంటే, ముందే అన్నీ నెట్‌కు కలిపి, అప్‌డేట్లన్నీ కొట్టి, రీస్టార్ట్ చేసి తయారు పెడ్తం. మనిషి ముందట మిషన్ మొరాయిస్తే ఇజ్జత్ పోతది. పదేండ్ల సంది నా చేతికి గదే పని. స్క్రీన్ మీద 'నెట్ లేదు, కలపాల్నా' అని వచ్చింది. కలిపిన. 'కొత్త అప్‌డేట్ ఉన్నది' అని వచ్చింది.

ఒత్తిన.

వాడు చెప్పిన మాట నేను విననిది కాదు. విన్న. ఆ మాటకూ ఈ పనికీ లంకె నా తలకాయల పడలే. నీలంరంగు గీత నిండుతుంటే, పని మంచిగ అయితున్నదని నిమ్మళంగ చూసుకుంట నిలవడ్డ. నన్ను చెప్పుతోని కొట్టినా పాపం లేదు.

చెప్పులు విడిచిన సప్పుడైంది. వెంకట్ వెనుక రెండు జడల పిల్ల, కొత్త గౌను. సాయిచంద్ నవ్వుకుంట లోపలికొచ్చి టీవీ దిక్కు చూసిండు.

"అక్కా..."

ఉరికి వైరు పీకిండు. గీత నిండి చాలాసేపైంది.

అయినా ఆశ చావదు కదా. మళ్ళ పెట్టి బావి కాడికి తీస్కపోయిండు. ముసలోడు ఒక్క బటన్‌కు బావి మీదికెళ్ళి సర్రున దుంకిండు. గణగణ మోగే ఎవరిదో గొంతు, "జాగ్రత్త, వీరా!" అన్నది.

"ఇదేనా డాడీ అమ్మ?" అన్నది పింకీ.

"కాదమ్మా."

సాయిచంద్, అప్పట్ల ఆమె గొంతు రికార్డ్ చేసిన వేణు గారి నంబర్ సంపాదించి ఫోన్ చేసిండు. కంపెనీ మూసినప్పుడే కంప్యూటర్లన్నీ పాత సామాన్ల కింద పోయినయట. తెల్సినోళ్ళకు, తెల్వనోళ్ళకు అందరికీ మెసేజ్ పెట్టిండు. అందరిదీ అప్‌డేట్ అయ్యే ఉంది. గంటన్నర అయింది. నేను వంటింటి తలుపు చాటుకు నిలవడి ఏడుస్తున్న. వెంకట్ వచ్చి, నాకే ఓదార్పు చెప్పిండు.

"మీరేం చేస్తారండి... కావాలని చేశారా? ఊరుకోండి." వెనక్కు తిరిగిండు. "సాయీ, ఆ పాత వీడియో పెట్టు బాబూ. ఇంత దూరం వచ్చింది, అదైనా వింటుంది."

"అన్నా, అది వద్దన్నా..."

"పెట్టు."

పెట్టిండు. టీవీల పందొమ్మిదేండ్ల మా తమ్ముడు, బటన్లు టపటప కొట్టుకుంట, పడీ పడీ నవ్వుతున్నడు. వాని నవ్వు కింద, సన్నగ... "మెల్ల... దిగు... నేను చూస్తు—" మళ్ళ నవ్వు.

పింకీ లేచి టీవీ కాడికి పోయి, స్పీకర్‌కు చెవి ఆనించింది. ఊపిరి బిగవట్టి విన్నది. "అమ్మ," అన్నది మెల్లగ. ఆ వెంటనే రెండు చేతుల చెవులు మూసుకోని, వెనక్కు జరిగి, వెంకట్ కాళ్ళను చుట్టుకున్నది.

"డాడీ, అమ్మ మాట్లాడుతుంటే మధ్యలో నవ్వుతున్నాడే, వాడెవడు? ఆపమను డాడీ... నాకు భయమేస్తోంది."

సాయిచంద్ ఆ పిల్ల పక్కనే ఉన్నడు, చేతుల రిమోట్ ఉన్నది. ఆపితే వాళ్ళమ్మ గొంతు గూడ ఆగిపోతది. బటన్ మీద వేలు పెట్టిండు గని, ఒత్తలేకపోయిండు.